ఆకు మీద కాదప్పా, కాలువ మీద ఎగరెయ్యండి!

ఎమ్మిగనూరు పక్కన ఒక పత్తిచేను. గట్టు మీద షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. రెక్కల యంత్రం ఒకటి రొద చేస్తూ పైకి లేచింది. పది నిమిషాలు చేనంతా చుట్టి వచ్చి దిగింది. ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మ చూపించాడు. పైరు బాగున్నచోట పచ్చరంగు, బాగాలేనిచోట ఎరుపు. ముందు వరసలో చప్పట్లు. వెనక వరసలో తువ్వాలు నెత్తికి చుట్టుకున్న పెద్దాయన ఒకడు లేచాడు.

"అది సరే గానీ నాయనా, ఆ ఎర్రగుండే మూల నాకు తెల్దా? దినామూ దాని మీదనే నడుస్తా ఉండా. అది చౌడు. మా నాయన కాలం నుంచీ చౌడే. ఇంగ ఇది నాకు కొత్తగా ఏం చెప్పినట్టు?"

కుర్రాడు నవ్వి, "డేటా తాతా, డేటా" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. తాత అడిగింది లెక్క. ఖర్చు ఎవరిది? లాభం ఎవరికి? కొత్తగా తెలిసేది ఏమిటి? తెలిశాక చెయ్యగలిగేది ఏమిటి? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా ఆదోని, ఎమ్మిగనూరు చేల మీద ఎన్ని వేలసార్లు డ్రోన్ తిప్పినా అది తిరునాళ్ల రంగులరాట్నమే. నీలకంఠేశ్వరుడి జాతరకు వస్తే ఇంతకంటే మంచి రాట్నాలున్నాయి. ఎక్కినవాళ్ల కడుపులో కాస్త తిప్పినట్టయినా ఉంటుంది.

అసలు పైరును పైనుంచి కెమెరాతో కనిపెట్టి చూడడం అనే వ్యాపారం లాభసాటి అని తేలింది ఎక్కడ? ద్రాక్షతోటల్లో. అందులో వింతేమీ లేదు. ద్రాక్షతీగ ఒకసారి నాటితే పదిహేను ఇరవై ఏళ్లు ఉంటుంది. వరసలు దారం కట్టి గీసినట్టుంటాయి. ఈ ఏడు తీసిన బొమ్మ వచ్చే ఏటికీ పనికొస్తుంది, ఎందుకంటే మొక్క అక్కడే ఉంటుంది. వైన్ తీసే ద్రాక్ష అయితే ఇంకో మేలు. తోటలో ఏ మూల తీగ బలంగా ఉంది, ఏ మూల బక్కగా ఉంది అని తెలిస్తే రెండింటినీ వేరువేరుగా కోస్తారు. ఒకదాన్ని ఖరీదైన సీసాలో పోస్తారు, ఇంకోదాన్ని చవక సీసాలో. బొమ్మలోని రెండు రంగులు అంగట్లో రెండు ధరలవుతాయి. తెలిసిన సంగతి డబ్బుగా మారే దారి అక్కడ ఉంది.

2015లో ఇటలీలో అలెస్సాండ్రో మాతేసే బృందం ఈ లెక్కే వేసింది. ద్రాక్షతోటలను డ్రోన్‌తో, విమానంతో, ఉపగ్రహంతో మూడు రకాలుగా చూసి ఖర్చులు పోల్చింది. 5 నుంచి 50 హెక్టార్ల మధ్య ఎక్కడో ఖర్చులు సరిసమానం అవుతాయని, అది దాటితే డ్రోన్ కంటే మిగతావే గిట్టుబాటని తేల్చింది. అదే 2015లో అమెరికా విమానయాన సంస్థ యమహా వాళ్ల ఆర్‌మ్యాక్స్ అనే మానవరహిత హెలికాప్టర్‌కు మందు కొట్టే అనుమతి ఇచ్చింది. అంతకుముందు ఆ దేశంలో దాన్ని పరీక్షించింది కూడా కాలిఫోర్నియాలో నాపా లోయ ద్రాక్షతోటల్లోనే. కోటీశ్వరుల తోటల్లో పుట్టిన లెక్క అది. తప్పు పట్టను. ఎవరి తోట లెక్క వాళ్లది.

ఇక్కడ ఒక తెలివైనవాడు లేస్తాడు. "చూశావా, చిన్న విస్తీర్ణానికి డ్రోనే చవక అని ఆ ఇటలీవాడే చెప్పాడు. మన రైతులందరూ చిన్నవాళ్లే కదా!" అంటాడు. అయ్యా, చవక అంటే దేనితో పోలిస్తే? విమానంతో పోలిస్తే! మా కోసిగి రైతు పొద్దున లేచి విమానం మాట్లాడుకుందామా, డ్రోన్ మాట్లాడుకుందామా అని తలగోక్కుంటున్నాడా? అతని దగ్గర అంతకంటే చవకైన యంత్రం ఇంకోటి ఉంది. దానికి రెండు కళ్లు, రెండు కాళ్లు. పొద్దున సద్ది తాగి చేనికి పోతుంది, సందేళకు ఇంటికి వస్తుంది. దానికి సబ్సిడీ ఇచ్చినవాడు లేడు.

ఇక మన చేని లెక్కకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 0.94 హెక్టారు. అంటే రెండుంపావు ఎకరాల పైచిలుకు. ఆదోని పడమటి చేలల్లో వానను నమ్ముకుని పత్తి పెట్టిన రైతుకు ఎకరాకు ఐదు క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. 2025-26లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర చేతికి వస్తే ఎకరాకు 40,550. డ్రోన్ చూసి చెప్పిన సలహా అమోఘంగా పనిచేసి దిగుబడి నూటికి ఐదు పాళ్లు పెరిగిందనుకుందాం. పెరిగింది పావు క్వింటా. అంటే రెండువేల పైమాట. అందులో తీత కూలి పోవాలి, సలహా ప్రకారం కొట్టిన మందు ఖర్చు పోవాలి, డ్రోన్ బాడుగ పోవాలి. మిగిలింది గుప్పిట్లో పట్టే చిల్లర.

అదే రైతు ఆ ఐదు క్వింటాళ్లు మూటగట్టుకుని ఆదోని యార్డుకు వచ్చాడనుకుందాం. తేమ 8 శాతం దాటితే కాటన్ కార్పొరేషన్ ధర కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు. 2025లో వచ్చిన కొత్త పద్ధతిలో కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు కావాలి, వంతు దొరకాలి. ఫోన్ సరిగా పట్టని ఊళ్లో, కౌలుకు చేసుకునేవాడు, అప్పు తీర్చాల్సిన తేదీ నెత్తి మీద ఉన్నవాడు ఎన్నాళ్లు ఆగుతాడు? బయట 6,500కి అమ్ముకున్నాడనుకోండి. క్వింటాకు 1,610 పోయింది. ఐదు క్వింటాళ్ల మీద 8,050. డ్రోన్ అద్భుతం చేసి తెచ్చిపెట్టిన రెండువేలకు నాలుగింతలు యార్డు గేటు దాటేలోపే ఆవిరి. 2025 ఆగస్టు 19 నుంచి ఢిల్లీలో పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబర్ దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ ఆఖరుదాకా పొడిగించారు. అంటే మన కొత్త పత్తి అంగడికి రావడం మొదలయ్యే నెలలన్నీ బయటి పత్తికి తలుపులు బార్లా. ఆ సంతకం ఏ డ్రోన్ కెమెరాకు చిక్కింది? ఏ రంగులో కనబడింది?

చెప్పొచ్చేదేమంటే, పత్తిరైతు నష్టపోయేది చేను చూసుకోక కాదు. చూసుకున్నా చెయ్యగలిగేది లేక. సరైన నీడలో ఆరబెట్టే చోటు లేక, ఆగి అమ్ముకునే ఓపిక లేక, కాలువ చివర నీళ్లు రాక. కడుపు నొప్పితో వచ్చినవాడికి కళ్లద్దాలు రాసిచ్చే వైద్యుణ్ణి ఏమంటాం?

సరే, పురుగు సంగతైనా ఈ కన్ను చూస్తుందా? పత్తిరైతు నడుం విరిచింది గులాబీ రంగు పురుగు. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలిచే పురుగుల కథ ముగిసిందన్నారు. 2006లో రెండో తరం బీటీ వచ్చినప్పుడు ఇక తిరుగులేదన్నారు. పది ఏళ్లు తిరక్కుండా గులాబీ పురుగు ఆ రెండింటినీ అరిగించుకుని కాయలో కూచుంది. కాయలో! ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పచ్చగా నవనవలాడే కాయ లోపల, బయటికి చిన్న బెజ్జం కూడా సరిగా కనబడకుండా గింజ తింటూ ఉంటుంది. ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. డ్రోన్ కెమెరా చూసేది ఆకును. బాగున్న ఆకు ఎర్ర కాంతిని మింగి, కంటికి కనబడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడా కొలిచి రంగులేస్తారు. మంచి విద్యే. కానీ కాయ కుళ్లి గుడ్డిపత్తి చేతికొచ్చేనాటికి కూడా ఆ బొమ్మలో చేను పచ్చగానే మెరవొచ్చు. పైనుంచి చూస్తే పెళ్లికూతురు, విప్పి చూస్తే పుండు.

ఈ పురుగును పట్టడానికి వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్పిన ఉపాయం ఉంది. లింగాకర్షక బుట్ట. చేలో కర్రకు కట్టి, రోజూ పొద్దున పోయి పడిన రెక్కల పురుగులను లెక్కపెట్టాలి. బుట్టకు ఎనిమిది చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టాల్సిన వేళ వచ్చినట్టు. విచ్చుకోని గుడ్డిపూలను ఏరెయ్యాలి, పచ్చికాయలు కోసి చీల్చి చూడాలి. ఇది కూడా పైరును కనిపెట్టి చూడడమే. దీనికి రిబ్బన్ కటింగ్ లేదు, షామియానా లేదు, డేటా అనే మాట లేదు. అందుకే దీని మీద ఎవరికీ మోజు లేదు. తెల్లదోమ, పచ్చదోమ, తామర పురుగు ఎక్కడుంటాయి? ఆకు అడుగున. పైనుంచి చూసేవాడికి అడుగు ఎప్పుడు కనబడింది గనక!

అంతగా ఆకాశం నుంచి చూడాలనుకుంటే ఇప్పటికే ఒక కన్ను ఊరికే తిరుగుతోంది. ఐరోపావాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకొకసారి మన నెత్తి మీదుగా పోతూ పది మీటర్ల చదరాల్లో భూమిని బొమ్మ తీస్తున్నాయి. ఒక ఎకరం ఆ బొమ్మలో నలభై చుక్కలవుతుంది. ఆ బొమ్మలు ఎవరికైనా ఉచితం. వానాకాలం మబ్బు పడితే అవి చూడలేవు, నిజమే. మబ్బు కింద ఎగరడం డ్రోన్‌కున్న అసలైన గొప్ప. ఒప్పుకుంటాను. కానీ ఉచితంగా వచ్చే నలభై చుక్కలను తెలుగులో విడమరిచి రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించడం చేతకానివాళ్లు, డ్రోన్ తీసే లక్షల చుక్కలను ఎవరికి విడమరుస్తారు? ఉన్న బువ్వ వడ్డించలేనివాడు విందుకు పిలిచినట్టుంది.

ఇప్పుడు మందు కొట్టే డ్రోన్ సంగతి. దీన్ని నేను తీసిపారెయ్యను. వీపున ట్యాంకు మోస్తూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, విషం గాలి పీలుస్తూ చేలో తిరిగే మనిషిని చూసినవాడెవడూ తీసిపారెయ్యడు. ఆ మనిషి ఒంటి మీద విషం పడకుండా చేసే ఏ యంత్రానికైనా దండం పెడతాను. కానీ దాని లెక్క కూడా నిజాయితీగా చెప్పాలి కదా.

2023 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని చెప్పిన మాట నమో డ్రోన్ దీదీ పథకం అయింది. 1,261 కోట్లు, 15,000 మహిళా సంఘాలు. డ్రోన్, దాని సరంజామా కలిపి దాదాపు పది లక్షలు. అందులో 80 శాతం, గరిష్ఠంగా ఎనిమిది లక్షలు, కేంద్రం ఇస్తుంది. మిగతాది అప్పు. రోజుకు ఇరవై ఎకరాలు కొట్టొచ్చని, సంఘానికి ఏటా కనీసం లక్ష అదనంగా వస్తుందని ఆశ పెట్టారు. ఎకరాకు 400 బాడుగ అనుకుందాం. ఏడాదిలో అరవై రోజులు, రోజుకు ఇరవై ఎకరాలు తిరిగితే 4,80,000. పైలట్ జీతం, తోడు మనిషి కూలి, ఆటో, డీజిల్, అరిగిపోయే బ్యాటరీలు, బీమా, మరమ్మతులు కలిపి సగం పోయిందనుకుందాం. మిగిలింది 2,40,000. పది లక్షల యంత్రం ఐదేళ్లు ఆడితే ఏడాదికి రెండు లక్షలు యంత్రం అరుగుదలకే. చేతిలో నలభై వేలు.

ఇది మంచి ఏడు లెక్క. పడమటి మండలాల్లో మంచి ఏడు ఎన్నాళ్లకొకసారి వస్తుందో అడగండి. వాన ముఖం చాటేసిన ఏడు పైరే లేదు, ఇంక మందెక్కడ? ఇరవై ఐదు రోజులు, రోజుకు పన్నెండు ఎకరాలు తిరిగితే వచ్చేది 1,20,000. పైలట్ ఆకలి, బ్యాటరీ అరుగుదల మాత్రం తగ్గవు. అప్పుడు ఆ డ్రోన్ గోడౌన్‌లో కూచుని దుమ్ము తింటుంది, సంఘం ఆడవాళ్లు కంతు కడతారు. అంటే ఎగిరేది యంత్రం కాదు, సబ్సిడీ. సబ్సిడీ ఉన్నన్నాళ్లే ఆ రెక్కలు ఆడతాయి. కరువు సీమలో సబ్సిడీ తప్పని నేననను. విమానాశ్రయాలకూ మిల్లులకూ ఇచ్చినప్పుడు లేని తప్పు ఆడవాళ్ల సంఘాలకిస్తే ఏం? కానీ దాన్ని వ్యాపారం అని పిలవకండి. "చూశారా, మీకు నడుపుకోవడం చేతకాలేదు" అని రేపు ఆ ఆడవాళ్ల మీదకే నెట్టకండి.

ఇంకో సంగతి. డ్రోన్ దీదీ ఎగరేసే చేని పక్కన కూలి దీదీ ఏమైంది? కలుపు తీసే పని, పత్తి తీత పని ఇక్కడ అయిపోగానే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ఊళ్లల్లో సుగ్గి బాట, అంటే కూలి వలస, మొదలవుతుంది. లారీ ఎక్కి గుంటూరు మిరపచేలకు కొందరు, తెలంగాణ పత్తిచేలకు కొందరు, బెంగళూరు, ముంబై కట్టడాలకు కొందరు. పిల్లల బడి సంచులు దూలానికి వేలాడదీసి, ముసలివాళ్లను అరుగు మీద కూచోబెట్టి, తలుపుకు తాళం వేసి పోతారు. ఆ ఊరి మీద డ్రోన్ ఎగరేసి చూడండి. ఎంత ఖరీదైన కెమెరా అయినా సరే. పైనుంచి ఇంటి కప్పు కనబడుతుంది, తలుపుకు వేసిన తాళం కనబడదు.

పైనుంచి మన చేలను కొలిచే ముచ్చట కొత్తది కూడా కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలమూ కొలిపించాడు. మంత్రాలయంలో ఆయన మీద కథలు చెప్పుకుంటారు, మంచివాడనే చెప్పుకుంటారు. అయినా గొలుసు పట్టింది ఎందుకు? పన్ను తేల్చడానికి. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు, 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేలో మన చేల మీద డ్రోన్లు తిరిగాయి. అవి పురుగు కోసం రాలేదు, హద్దుల కోసం వచ్చాయి. ఆ రీసర్వే పాసుపుస్తకంలో సెంట్లు తగ్గాయని లబోదిబోమన్న రైతులను ఆఫీసుల చుట్టూ ఇంకా చూస్తూనే ఉన్నాం. కొలిచేవాడు ఎప్పుడూ పైనుంచే చూశాడు. కొలతలో ఏముందో కిందివాడికి ఆఖర్న తెలిసింది. అందుకే ఆ తాత వెనక వరసలోంచి లేచి అడిగాడు. అది అజ్ఞానం కాదు. రెండు వందల ఏళ్ల అనుభవం.

మరి డ్రోన్లు వద్దా? కావాలి. వేలల్లో కావాలి. మన జిల్లాలోనే ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ల కేంద్రం అంటున్నారు, రానివ్వండి. అక్కడ తయారైన మొదటి డ్రోన్‌ను ఎక్కడ ఎగరెయ్యాలో నేను చెప్తాను. తుంగభద్ర దిగువ కాలువ మీద.

ఆ కాలువ కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు బళ్లారి జిల్లావి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. అదే ఏడాది నీళ్లు వదిలిన తుంగభద్ర డ్యాం కూడా అటే ఉండిపోయింది. ఆదోని, ఎమ్మిగనూరు చేలకు వచ్చే ఈ దిగువ కాలువ కర్ణాటకలో చాలా దూరం నడిచాకే మన గడ్డ తొక్కుతుంది. బచావత్ ట్రిబ్యునల్ కాగితం మీద మనకు 24 టీఎంసీలు. ఆ కాగితం మీద లక్షన్నర ఎకరాల ఆయకట్టు. కాలువ పొడుగునా మోటార్లు దించి తోడేసుకుంటుంటే, గట్లు తెగి కారిపోతుంటే, చివరి ఊరి తూముకు వచ్చేది తేమ. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆయకట్టు చివరి రైతు ఎవరిని కదిలించినా చెప్తాడు. ఏళ్ల తరబడి అధికారుల సమావేశాల్లో చదివిన పాతపాటే.

ఇప్పుడు లెక్క వెయ్యండి, అసలైన లెక్క. ఆరుతడి పైర్లకు ఒక టీఎంసీ పదివేల ఎకరాలు తడుపుతుందని మన ఇంజినీర్లు వాడే మోటు కొలత. 24లో పదోవంతు, అంటే 2.4 టీఎంసీ, దారిలో మాయమవుతోందనుకుందాం. ఇరవై నాలుగు వేల ఎకరాల నీళ్లు. నీళ్లందిన పత్తి ఎకరాకు మూడు క్వింటాళ్లు ఎక్కువ పండిందనుకున్నా 72,000 క్వింటాళ్లు. మద్దతు ధరతో 58 కోట్ల పైమాట. ఒక్క ఏడాదికి. పది లక్షల రూపాయల డ్రోన్లు పది కొంటే కోటి. ఆకు మీద ఎగిరితే ఎకరాకు చిల్లర, కాలువ మీద ఎగిరితే కోటికి యాభై ఎనిమిది కోట్లు. కాలువలో దించిన మోటారు కాయలో పురుగులాంటిది కాదు. బట్టబయలు కనబడుతుంది. గొట్టం కనబడుతుంది, కరెంటు తీగ కనబడుతుంది, తెగిన గట్టు కనబడుతుంది. పైనుంచి చూసే కన్నుకు దేవుడిచ్చిన పని ఇదీ!

"అవతలి రాష్ట్రంలో మన డ్రోన్ ఎలా ఎగురుతుంది?" అని సన్నాయి నొక్కులు నొక్కకండి. ఆ కాలువను సరిహద్దుదాకా చూసుకునేది తుంగభద్ర బోర్డు. ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన బోర్డు, రెండు వైపుల మనుషులూ ఉన్న బోర్డు. అది ఎగరెయ్యొచ్చు. వారానికొక బొమ్మ తీసి అందరికీ చూపించొచ్చు. అక్కడ మోటారు పెట్టుకున్న రైతు మీద నాకు పగ లేదు, అతనూ నాలాంటివాడే. దొంగతనాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్న వ్యవస్థ మీదే నా కోపం. చూడడానికి భయపడేవాళ్లు చూసే యంత్రాలను రైతుకు అంటగడుతున్నారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండుకుండలోంచి పదుల టీఎంసీలు ఏట్లో పోయాయి. డెబ్బై ఏళ్ల గొలుసు. దాన్ని ఏ కెమెరా ముందుగా పట్టి చూపలేదు. గేట్ల నిపుణుడు, ముసలి కన్నయ్యనాయుడు వచ్చి ప్రవాహంలోనే తాత్కాలిక గేటు దించితే మిగిలిన నీళ్లు దక్కాయి. రెండు నెలలు దాటాక, అక్టోబర్ 22న, విజయవాడలో కృష్ణ ఒడ్డున అయిదువేల అయిదువందలకు పైగా డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి, గిన్నిస్ రికార్డులు కొట్టాయి. బాగుంది. ఆ అయిదువేలల్లో అయిదింటిని ముందే ఆ గొలుసు చుట్టూ తిప్పి ఉంటే? 2025లో గేట్ల భయంతో డ్యాంలో 80 టీఎంసీలే నిలిపారు. పాత గేట్లన్నీ మార్చాలని రెండో పంటకు నీళ్లు ఆపారు. గొలుసు తెగినచోట రికార్డు లేదు. ఎండిన చేని మీద గిన్నిస్ లేదు.

ఇంకో చోటా ఎగరెయ్యండి. వాన ముంచిన మర్నాడు, బెట్ట కాల్చిన వారం. వాతావరణ బీమా ఎక్కడో స్టేషన్‌లో పడిన చినుకులు చూసి నీ చేని నష్టం తేలుస్తుంది. అక్కడ వాన పడితే ఇక్కడ నీ చేను ఎండలేదన్నమాట! ఆ అన్యాయానికి విరుగుడు చేను చేనుకీ తీసిన బొమ్మ. ఆ బొమ్మ నకలు తేదీతో సహా రైతు చేతిలో పెట్టాలి. కంపెనీవాడు కాదంటే రైతు చూపించుకోవడానికి. అప్పుడు డేటా అనే మాటకు నేనూ చప్పట్లు కొడతాను.

పైరు చూసే డ్రోన్ కూడా కావాలంటే, రైతుకు అంటగట్టొద్దు. 2022లో కేంద్రం కృషి విజ్ఞాన కేంద్రాలకు డ్రోన్ కొనడానికి నూటికి నూరు, పది లక్షలదాకా ఇస్తామంది. ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఎగరేసి, బుట్టల లెక్కతో కలిపి, ఊరికి మాట చెప్పాలి. ఖర్చు సర్కారుది, మాట రైతుది. మందు కొట్టే యంత్రాన్ని ఊరి సంఘాలు పెట్టుకోవాలనుకుంటే సహకారం మనకు కొత్త విద్య కాదు. 1938లో ఇదే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతన్నలను కూడగట్టి సంఘం పెట్టారు. 1954లో దేశం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. మగ్గం నేసేవాడిదైనప్పుడే బట్ట లాభం నేసేవాడికి చేరింది. డ్రోన్‌కూ అదే సూత్రం. బొమ్మ ఎవరిదో లాభం వాళ్లది. ఇవాళ మన చేల బొమ్మలు ఎవరి కంప్యూటర్లలో ఉన్నాయి? ఏ విత్తనాల కంపెనీ, ఏ మందుల కంపెనీ, ఏ వడ్డీ కంపెనీ వాటిని చూస్తుంది? ఎర్రరంగున్న చేనుకు రేపు అప్పు పుట్టకుండా పోతే ఆ రైతుకు కారణం చెప్పేదెవరు? ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌కు జవాబుందా?

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లుండేవి. అవి పోయింది తోటమాలికి కళ్లు లేక కాదు. భూమి ధర పండు ధరను మింగేసింది. ద్రాక్షతోటనైనా సరే, పైరు మీద కన్నేసినంత మాత్రాన కాపాడలేం. పైరు చుట్టూ ఉన్న లెక్కలను కాపు కాయాలి. నీటి లెక్క, ధర లెక్క, అప్పు లెక్క, తూకం లెక్క. వాటి మీద కెమెరా పెట్టమంటే అందరికీ ఆకాశం గుర్తొస్తుంది.

ఆ ప్రదర్శన ముగిశాక షామియానా విప్పారు, డ్రోన్‌ను పెట్టెలో పడుకోబెట్టారు. తాత గట్టు మీదే నిలబడి ఉన్నాడు. పక్కనే పిల్లకాలువ, గడ్డి మొలిచి, అడుగున పగిలిన బురద. నేను దగ్గరికి పోతే చూపుడువేలు కాలువ ఎగువకు చాపాడు.

"అదో, అట్ల పోమనప్పా దాన్ని. నా చేను నేను చూసుకుంటా."